కట్ చెప్పగానే ఉమ్మేసిన కేకు

అడుగున ఉప్పు పోసిన కుక్కర్లో మూడు నెలలుగా కేకులు చేయడం నేర్చుకుంటున్నాను. కృష్ణానగర్‌లో మా పక్క వాటాలో ఉండే స్వప్న సినిమాల్లో ఆర్ట్ అసిస్టెంట్. ఈ రోజు ఫిల్మ్‌నగర్ షూటింగ్‌లో పుట్టినరోజు సీనుకు నన్నే కేకు చేసిమ్మంది. బయటివాళ్లు తినబోయే నా మొదటి కేకు! స్పీడ్‌బ్రేకర్ వచ్చినప్పుడల్లా ఆటో అతన్ని బతిమాలుకుంటూ, ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లాను.

నాయనమ్మ వేషం వేసిన పెద్దావిడ ముక్క నోట్లో పెట్టుకుని నవ్వుతూ నమిలింది. ‘కట్’ అనగానే పక్కనున్న బకెట్లో ఉమ్మేసింది. ఆ ఉప్పు గానీ కేకులో పడిందా? లోపల ఉడకలేదా? రెండో టేకులోనూ ఉమ్మేసింది. ఇక ఆగలేక దగ్గరికెళ్లి అడిగాను.

“కేకు బాగాలేదా అమ్మా?”

“అయ్యో, గట్లేం లేదు బిడ్డా! ఇంకెన్ని టేకులు తీస్తరో ఏమో, అన్నీ మింగితే నా కడుపేం గావాలె? జర ఓ పెద్ద ముక్క దాచిపెట్టు. బోరబండకు తీస్కపోత, మా మనవరాలు తింటది.”

ముక్క కోసి డబ్బాలో పెట్టేసరికి నా భయం తగ్గింది. ఇంటికొచ్చాక మళ్లీ మొదలైంది. మీ మొదటి కేకు తిని బయటివాళ్లు ఏమన్నారో కాస్త చెప్పండి, ధైర్యంగా ఉంటుంది. ఎందుకంటే, ఆ పిల్ల ఉమ్మేస్తే మాత్రం అది టేకు కోసం కాదు.