మంచి కాలు

నాకు ఫుట్‌బాల్ తెలియదు. ఇంగ్లండ్ వాళ్ళు ఫుట్‌బాల్ అనే ఆటను అమెరికా వాళ్ళు సాకర్ అంటారనీ, ఆ పేరు దగ్గర ఇద్దరికీ పడదనీ మాత్రం తెలుసు. నాకు తెలిసినవి మోకాళ్ళు. కాకినాడలో ఫిజియోథెరపీ చదివి, పెళ్ళయ్యాక అమెరికా వచ్చి, ఇక్కడి పరీక్షలు రాసి, టెక్సస్‌లో ఇర్వింగ్ అనే ఊళ్ళో ఒక క్లినిక్‌లో పనిచేసేదాన్ని. రోజంతా ముసలివాళ్ళ తుంటి ఎముకలూ, కంప్యూటర్ల ముందు కూర్చుని కూర్చుని బిగుసుకుపోయిన మెడలూ చూడటమే పని. ఆ చుట్టుపక్కల ఒక చిన్న సాకర్ జట్టు ఉండేది. పెద్ద లీగ్ కాదు, దానికి రెండు మెట్లు కింద. వాళ్ళ ఆటగాళ్ళకు దెబ్బలు తగిలితే మా క్లినిక్‌కు పంపేవారు. 2011 ప్రాంతంలో అతను నా దగ్గరికి వచ్చింది అలాగే.

ఇరవై రెండేళ్ళ వాడు. ఇంగ్లండ్‌లో ఉత్తరాన ఏదో చిన్న ఊరు. డిఫెండర్ అని చెప్పాడు. అంటే ఏం చేస్తావని అడిగాను.

"ఎదుటి జట్టు గోల్ కొట్టకుండా అడ్డుపడతాను. నా పని నేను సరిగ్గా చేస్తే ఆ రోజు నా గురించి ఎవరూ మాట్లాడుకోరు," అన్నాడు.

మా పని కూడా అంతే అన్నాను. అతను నవ్వాడు. అతని ఇంగ్లీషు నాకు మొదటి నెలలో సగమే అర్థమయ్యేది. నాది అతనికి ఎంత అర్థమైందో దేవుడికి తెలియాలి. అతని మాటలు నాకిప్పుడు తెలుగులోనే గుర్తున్నాయి, అందుకని అలాగే రాస్తున్నాను.

అతన్ని తొమ్మిదో ఏటనే ఒక పెద్ద క్లబ్ వాళ్ళు తమ అకాడమీలో చేర్చుకున్నారట. వారానికి మూడు సాయంత్రాలు వాళ్ళ నాన్న పని మానుకుని వ్యాన్‌లో దింపి వచ్చేవాడట. పద్దెనిమిదో ఏట ఒక గదిలోకి పిలిచి, కూర్చోబెట్టి, నువ్వు మాకు అక్కర్లేదని చెప్పారట. టీ తాగేంత సేపు కూడా పట్టలేదన్నాడు. తర్వాత రెండు చిన్న క్లబ్బులు. మొదటిదాంట్లో ఒక సీజన్ బాగా ఆడాడు, రెండోదాంట్లో పక్కన కూర్చోబెట్టారు. అప్పుడు టెక్సస్ నుంచి ఎవరో ఫోన్ చేశారు. ఈ కథంతా అతను బల్ల మీద వెల్లకిలా పడుకుని కాలు ఎత్తుతూ, దించుతూ చెప్పాడు. ఎంత మాట్లాడినా లెక్క తప్పేవాడు కాదు. నేను పదిహేనుసార్లు అంటే పదిహేనే.

ఇక్కడికి వచ్చిన కొద్ది నెలలకే ఒక మ్యాచ్‌లో, ఎవరూ తాకకుండానే, ఎడమ మోకాలు మెలితిరిగింది. లోపల ఎముకల్ని కలిపి పట్టే లిగమెంట్ తెగింది. ఆపరేషన్ చేసి కొత్తది వేశారు. అది కుదురుకుని మళ్ళీ ఆటకు పనికిరావడానికి తొమ్మిది నెలలు, ఒక్కోసారి ఏడాది. ఎనిమిదో నెలలో క్లబ్ వాళ్ళు తేల్చి చెప్పేశారు. జట్టులో బయటి దేశాల వాళ్ళకు ఉండే స్థానాలు కొన్నే. నెలాఖరుకు ఫిట్ అని కాగితం వస్తే అతని స్థానం అతనికి ఉంటుంది, రాకపోతే ఇంకొకరికి పోతుంది. స్థానం పోతే వీసా పోతుంది. ఆ కాగితం రాయాల్సింది నేను. సర్జన్ సంతకం పెట్టాలి గానీ, ఆయన నేను పంపిన అంకెలు చూసి పెడతాడు.

ఉద్యోగానికి వీసా ముడిపడి ఉండటం ఎలా ఉంటుందో నాకొకరు చెప్పక్కర్లేదు. అప్పటికి మాదీ అదే బతుకు. అతని మీద నాకు ఇష్టం కలగడానికి అదొక కారణం. రెండోది, చెప్పినదల్లా చేసేవాడు. మా క్లినిక్‌లో అలాంటివాళ్ళు అరుదు.

ఆదివారాలు మేం తెలుగు చర్చికి వెళ్ళేవాళ్ళం. పొద్దున అమెరికన్ల ఆరాధన అయ్యాక, అదే హాలు మధ్యాహ్నం మాకిచ్చేవారు. చివర్లో ఎవరి ప్రార్థన అవసరతలు వాళ్ళు లేచి చెప్పుకోవాలి. ఒకరికి వీసా స్టాంపింగ్, ఒకరికి ఉద్యోగం, ఒకరి తమ్ముడికి పరీక్షలు. ఒక ఆదివారం నేనూ లేచాను. నా దగ్గరకు వచ్చే ఒక అబ్బాయి మోకాలు బాగుపడాలి, ఆటగాడు, ప్రార్థన చెయ్యండి అన్నాను. పేరు చెప్పలేదు. ఇక్కడ రోగి పేరు బయట చెబితే ఉద్యోగం ఊడుతుంది. దేవుడికి పేరు తెలుసు కదా అని సరిపెట్టుకున్నాను.

మా చర్చిలో ఒక పెద్దావిడ ఉండేది. ఏలూరు వైపు మనిషి, ఇక్కడ ఒక హాస్పిటల్లో నర్సుగా చేసి రిటైరయింది. ఆ రోజు నుంచి ప్రతి ఆదివారం నన్ను పట్టుకుని అడిగేది.

"ఆ అబ్బాయికి ఎలా ఉందమ్మా? శుక్రవారాలు ఫాస్టింగ్ ఉండి మరీ ప్రే చేస్తన్నాను."

"బాగుందండి ఆంటీ, ఇంప్రూవ్ అవుతున్నాడు," అనేదాన్ని. నిజంగానే బాగుండేది కూడా.

నెలాఖరు వారం వచ్చింది. గురువారం అతనికి ఆఖరి టెస్ట్. దానికి ముందు ఆదివారం, పాస్టరు గారు ఎవరికైనా సాక్ష్యం ఉందా అని అడిగారు. సాక్ష్యమంటే, దేవుడు చేసిన మేలు అందరి ముందూ చెప్పుకోవడం. ఎవరూ లేవలేదు. పెద్దావిడ నా వైపు తిరిగి చూసింది. నేను లేచాను. మీరందరూ ప్రార్థన చేసిన ఆ అబ్బాయిని దేవుడు ముట్టాడు, ఈ వారమే ఆటలోకి దిగుతున్నాడు అని చెప్పాను. హాలంతా స్తోత్రం అంది. పెద్దావిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఆ క్షణం చాలా బాగుంది, అది దాచడమెందుకు.

తిరిగి వస్తుంటే కార్లో మా ఆయన అడిగాడు, "టెస్ట్ ఎప్పుడు?"

"గురువారం."

"అంటే ఇంకా అవ్వలేదన్నమాట. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం."

"ఎనిమిది నెలల్నుంచీ నేనే చూస్తున్నానండీ అతన్ని. పాస్ అవుతాడు."

"అయితే మంచిదే. అయ్యాక చెప్తే ఇంకా మంచిది," అని హైవే దిగే ఎగ్జిట్ తీసుకున్నాడు. నేను పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్ళు.

ఆ టెస్ట్‌లో బ్రహ్మవిద్య ఏమీ లేదు. నేల మీద కొలత టేపు అతికిస్తాం. మనిషి ఒంటికాలి మీద నిలబడి, ముందుకు గెంతి, అదే కాలి మీద తూలకుండా నిలవాలి. ముందు మంచి కాలితో, తర్వాత దెబ్బ తగిలిన కాలితో. రెండు దూరాల్నీ పోలుస్తాం. మంచి కాలు గెంతిన దూరంలో నూటికి తొంభై వంతులు రెండోది గెంతితే పాస్. ఇందులో ఒక లొసుగు ఉంది. దెబ్బ తగిలిన కాలితో ఎక్కువ గెంతలేనివాడు, మంచి కాలితో తక్కువ గెంతితే చాలు. లెక్క దానంతటదే కుదిరిపోతుంది.

గురువారం పొద్దున అతను గడ్డం గీసుకుని వచ్చాడు. టేపు దగ్గర నిలబడి మంచి కాలితో గెంతాడు. చేతులు దాదాపు ఊపలేదు. దిగాక, బస్సు కోసం నిలబడ్డవాడిలా తాపీగా నిలబడ్డాడు. తర్వాత ఎడమ కాలు. ఈసారి చేతులు రెండూ వెనక్కి లాగి, పళ్ళు బిగపట్టి గెంతాడు. దిగినప్పుడు మోకాలు కాస్త లోపలికి వంగింది. వెంటనే సర్దుకున్నాడు. మూడేసిసార్లు గెంతించి లెక్క కట్టాను. తొంభై రెండు.

నాలుగు నెలల కిందట అతని మంచి కాలిని నేనే ఒకసారి కొలిచి రాసుకున్నాను. నాలుగు నెలలు రోజూ కష్టపడ్డ కాలు అప్పటికంటే ఎక్కువ గెంతాలి. ఇప్పుడు గెంతింది తక్కువ, కాస్తో కూస్తో కాదు, చాలా తక్కువ. ఫైలు నా చేతిలో తెరిచే ఉంది. రెండు పేజీలు వెనక్కి తిప్పితే ఆ అంకె కనిపిస్తుంది. నేను తిప్పలేదు. తిప్పాల్సిన అవసరం కూడా లేదు, ఆ అంకె నాకు గుర్తుంది.

"ఎలా అనిపించింది?" అన్నాను.

"బాగుంది. నిజంగా చాలా బాగుంది," అన్నాడు. అతను నా మొహం కేసి కాకుండా నా చేతిలో పెన్ను కేసి చూస్తున్నాడు.

మంచి కాలితో ఇంకొక్కసారి, పూర్తి బలంతో గెంతు అనాలి. అంతే. ఆ మాట నోటిదాకా వచ్చింది. అంటే డెబ్బయ్యో, డెబ్బయి అయిదో వస్తుంది. ఇతని స్థానం పోతుంది, మోకాలు మిగులుతుంది. ఇరవై రెండేళ్ళ వాడికి మోకాలు మిగిలితే ఇంకో ఏడాదికైనా ఇంకో జట్టు దొరకచ్చు. ఇదంతా నాకు ఆ నిమిషంలోనే తెలుసు. దాంతోపాటు ఇంకోటి కూడా తోచింది. వచ్చే ఆదివారం అందరి ముందూ లేచి, దేవుడు ఇంకా బాగుచెయ్యలేదండీ, నేనే తొందరపడి చెప్పాను అనాలి. పెద్దావిడ మొహం చూడాలి. మా ఆయన ఏమీ అనకుండా కార్ నడపడం చూడాలి.

అతని మీద జాలితో రాశానని చెప్పుకోవచ్చు. కొన్నాళ్ళు నాకు నేను అలాగే చెప్పుకున్నాను. అందులో జాలి పావు వంతు ఉంటుందేమో. మిగిలిందంతా నా పరువు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు ఫైలు మూసి, కాగితం మీద ఫిట్ అని రాశాను. అతను నన్ను కావలించుకున్నాడు. అతను అలాంటి పని ఎప్పుడూ చెయ్యలేదు.

శనివారం సాయంత్రం మ్యాచ్. మా ఇద్దరికీ టికెట్లు పంపాడు. స్టేడియమంటే ఒక హైస్కూల్ మైదానం, ఇనుప మెట్లు, ఎండకు కాలిపోతున్నాయి. సగం ఆట అయ్యాక అతన్ని మైదానంలోకి దింపారు. ఇరవై నిమిషాలు ఆడాడు. చుట్టూ ఎవరూ అతని గురించి మాట్లాడలేదు గనక బాగానే ఆడుతున్నాడనుకున్నాను. నేను ఆట చూడలేదు, ఎడమ మోకాలినే చూశాను. ఎదుటి జట్టు వాడొకడు బంతితో చటుక్కున పక్కకు తిరిగాడు. అతనూ తిరగబోయి ఎడమ కాలు నేలకు ఆనించాడు. మోకాలు లోపలికి వంగింది. గురువారం కనిపించిన వంపే. ఈసారి సర్దుకోలేదు. అతను కిందపడకముందే నేను లేచి నిలబడ్డాను.

"ఏమైంది? ఎవరూ టచ్ చెయ్యలేదు కదా?" అన్నాడు మా ఆయన.

"లేదండీ. ఎవరూ చెయ్యలేదు."

కొత్తగా వేసిన లిగమెంట్ తెగింది. దానితో పాటు లోపలి మృదులాస్థి కూడా చితికింది. ఇంకో ఆపరేషన్ చేస్తే మామూలుగా నడుస్తావు, పరిగెత్తే ఉద్యోగం మాత్రం మర్చిపో అని సర్జన్ చెప్పాడట. క్లబ్ వాళ్ళు అతన్ని వదిలేశారు. మా మేనేజరు ఫైలు తెప్పించి ఆఖరి పేజీ చూశాడు. తొంభై రెండు ఉంది, రూల్ ప్రకారమే చేశావు, దిగులుపడకు అని నా భుజం తట్టాడు. నా పరిస్థితి దొంగకు తేలు కుట్టినట్టయింది. రెండు ఆదివారాలు జ్వరమని చెప్పి చర్చికి వెళ్ళలేదు. మూడో ఆదివారం పెద్దావిడ దగ్గరికి నేనే వెళ్ళి, మళ్ళీ దెబ్బ తగిలిందండీ అన్నాను. అవునా తల్లీ, ప్రార్థన చేద్దాంలే అని నా చేతులు పట్టుకుంది. ఆవిడ నన్ను ఏమీ అడగలేదు.

ఇంగ్లండ్ వెళ్ళే ముందు అతను తన కాగితాల కాపీల కోసం క్లినిక్‌కు వచ్చాడు. ఊతకర్రల మీద, గడ్డం పెరిగి, బాగా చిక్కిపోయాడు. అక్కడి డాక్టర్లకు చూపించాలట. కాపీలన్నీ ఒక కవర్లో పెట్టి ఇచ్చాను. తీసుకుని కూడా కదల్లేదు.

"మీకొక మాట చెప్పాలి," అన్నాడు. "ఆ రోజు మంచి కాలితో నేను సగం బలంతోనే గెంతాను. అలా చేస్తే పాసవచ్చని ఇంగ్లండ్‌లో నాతో ఆడినవాడొకడు చెప్పాడు. ఈ దేశంలో నన్ను నమ్మింది మీరొక్కరు. మిమ్మల్నే మోసం చేశాను. దీనివల్ల మీ ఉద్యోగం పోయి ఉండేది. అప్పట్నుంచీ నాకు నిద్ర పట్టడం లేదు."

నేనూ చూశానని చెప్పడానికి ఎంతో సేపు పట్టదు. గదిలో మేమిద్దరమే ఉన్నాం. అతను ఫిర్యాదు చేసే మనిషి కాదు. చెబితే అతని మనసులో బరువు సగం తగ్గేది.

"నన్ను క్షమించగలరా?" అని అడిగాడు.

"క్షమించాను," అన్నాను.

అతను తల వంచి థ్యాంక్స్ చెప్పి, కవరు చంకలో పెట్టుకుని, ఊతకర్రలు సర్దుకున్నాడు. నేను ముందు నడిచి తలుపు తెరిచి పట్టుకున్నాను.