ఢిల్లీ విమానానికి నేను పెట్టిన పుల్ల

చాడీ చెప్పడం కూడా ఒక విద్యే. అది చేతకానివాడు చెబితే కొంప ఎలా మునుగుతుందో చెబుతాను, నవ్వుకోండి. మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

ఎనభైల మొదట్లో విశాఖలో మాకో విదేశాంగ విధాన అధ్యయన కేంద్రం ఉండేది, ఫిషింగ్ హార్బర్ దగ్గర ఐస్ ఫ్యాక్టరీ మేడ మీద. ఫ్యాక్టరీ, మేడ, కేంద్రం మూడూ నాయుడుగారివే. ఆయన అధికార పార్టీ నాయకుడు. ప్రతి ఆదివారం మేం ఏదో ఒక అగ్రరాజ్యాన్ని ఖండించేవాళ్లం. ఏ రాజ్యాన్నో ఆయన ముందుగా పార్టీ ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కునేవారు.

నేనూ, మా మేనత్త కొడుకు సూరిబాబూ పోర్టులో గుమస్తాలం, కేంద్రంలో మేధావులం. ఢిల్లీ సదస్సుకి ఒక్కరినే, అదీ విమానంలో పంపుతామన్నారు. నాయుడుగారు సూరిబాబు పేరు చెప్పారు. ఐస్ ఫ్యాక్టరీ మీద కూర్చుని కూడా నా కడుపుమంట చల్లారలేదండీ! మ్యాపులో దేశం చూపించమంటే సముద్రంలో వేలు పెట్టే మనిషి వాడు. పైగా సఫారీ సూటు కుట్టించుకుని మా ఇంటికే వచ్చాడు.

"ఏటి బావా, ఇమానంలో కిటికీ తీత్తే సలేత్తదంటావా?"

"అన్నయ్యకి సూటు ఎంత బాగా నప్పిందో!" అంది మా ఆవిడ, నావైపు చూడకుండా.

ఇంకేం ఓర్చుకుంటాను? మర్నాడు తెల్లారకుండానే హార్బరుకి పరుగెత్తాను. నాయుడుగారు చేపల వేలం దగ్గర ఉన్నారు.

"అయ్యా, సెప్పకూడదు గానండి..."

"సెప్పకూడదంటే సెప్పకు."

"మా సూరిబాబు మనోడు కాడండి! ప్రతిపక్షం మీటింగులకి ఎల్తన్నాడు. మన విదేశాంగ విధానం అంతా తప్పంతన్నాడు."

ఇందులో నిజం లేకపోలేదు. ఒక్కసారి వెళ్లాడు, పకోడీల కోసం.

"మరి నువ్వో?"

"నానాండీ! అప్పన్న సామి మీద ఒట్టు, పేనం పోయినా ఈ పార్టీ ఒగ్గనండి!"

ఆయన నా భుజం తట్టారు. "మంచి మాట సెప్పావు. ఆదివారం సూత్తాను."

ఇంకేముంది, ఢిల్లీ నాదే! సూట్‌కేసు కూడా అరువు తెచ్చుకుని ఆదివారం మేడెక్కాను. చూద్దును కదా, నాయుడుగారి మెడలో కండువా రంగు మారింది.

"నిన్న ప్రతిపక్షంలో సేరిపోనాను," అన్నారాయన. "మన పాత విధానం అంతా తప్పు. ఆ సంగతి మనందరికన్నా ముందే కనిపెట్టినోడు సూరిబాబు! ఢిల్లీకి ఎల్లేదీ ఈడే, ఇకమీదట మన కేంద్రానికి కార్యదర్శీ ఈడే!"

"మరి నానండీ?"

"అప్పన్న మీద ఒట్టేసినోడివి. నీ సేత ఆ ఒట్టు తప్పించమంటావేటి?"

ఎవరు తవ్విన గోతిలో వారే పడతారంటారు. నేను తవ్విన గోతిలో సూరిబాబుకి లంకెబిందెలు దొరికాయి. వాడు నన్ను కావలించుకున్నాడు, కళ్లనీళ్లతో.

"నా కోసం నువ్వే సెప్పావట కదా బావా! సొంత తమ్ముడైనా సెప్తాడేటి? ఈ సూట్‌కేసూ నా కోసమే తెచ్చావా?"

"అవును బావా," అన్నాను. ఇంకేమనను?

ఎయిర్‌పోర్టు కంచె పట్టుకుని, నేను తెచ్చిన సూట్‌కేసు విమానమెక్కడం కళ్లారా చూశాను. అక్కడే ఆ అప్పన్న మీదే ఇంకో ఒట్టు వేశాను. ఈ జన్మలో ఎవరి మీదా చాడీ చెప్పను. చెప్పక తప్పని గతే పడితే, ముందు చేతులు కట్టుకుని అడుగుతాను: "అయ్యా, తమరు ఈ పూట ఏ పార్టీలో ఉన్నారండీ?"