జగిత్యాల దాకా దెబ్బలు

“ఏం తల్లివే నువ్వు? కన్నకొడుకును గట్ల కొడుతరా?”

“నిద్రవోతె సస్తడు అవ్వా! నువ్వు జరుగు!”

కోరుట్లలో బస్సెక్కి నా పక్క సీట్లో కూర్చున్నప్పటి నుంచి ఆమె కొడుకు చెంపలు వాయిస్తూనే ఉంది. పెదవి చిట్లి రక్తం కారుతున్నా, అతని కళ్లు మూతలు పడుతున్నాయి.

“వీళ్ల నాయిన క్యాన్సర్ నొప్పికి ఒంటికి అంటించే ఫెంటానిల్ పట్టీలిచ్చిన్రు. సర్కారు కట్టడి ఉన్న మందు. వాడిన పట్టీల సుత మందు మిగులుతదని, మడిచి వాపస్ ఇయ్యమన్నరు. సిరిసిల్లల బట్టలు నేసే సాంచాలు నడిపి నడుము నొస్తుందని, వీడు గా పాత పట్టీ అంటుకొని, మీదికెల్లి ఉప్పు కాపడం పెట్టుకున్నడు. వేడికి మందంత ఒక్కసారే ఎక్కింది. పట్టీ పీకేసిన గని, నిద్రల ఊపిరి ఆగుతదట.”

అంబులెన్సు ఆలస్యమైతే, జగిత్యాల ఆస్పత్రికని దొరికిన బస్సెక్కించిందట. సగం దారిలో ఆమె చేయి ఇక లేవలేదు. నా చేయి పట్టి అతని చెంపకు ఆనించింది.

“నువ్వు కొట్టవ్వా.”

జగిత్యాల దాకా కొట్టాను. నా పిల్లలను కూడా ఎన్నడూ అంత గట్టిగా కొట్టలేదు.

మరునాడు పొద్దున, ఆటో దండగని నడుచుకుంటూనే ఆస్పత్రికి వెళ్లాను. అతను మంచం మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. “గీ అవ్వనేరా” అని తల్లి అనగానే, గ్లాసు పక్కన పెట్టి రెండు చెంపలకూ చేతులు అడ్డం పెట్టుకున్నాడు.