చలపతిరావు గారి చేతులు

చలపతిరావు గారు ఇక లేరు. శనివారం పొద్దున రామకృష్ణపురంలో పాల బూత్ ముందు క్యూలో నిలబడినవారు నిలబడినట్టే కూలిపోయారట. ముందురోజు సాయంత్రం బస్‌స్టాప్ దాకా నాతో నడిచి, "సోమవారం కలుద్దాం సార్" అన్న మనిషి! సోమవారం వచ్చింది. ఆయన టైపు మిషను మీద కవరు తీసేవారు లేరు. నాకింకా నమ్మశక్యంగా లేదు.

పదకొండేళ్లు మా సెక్షన్‌లో నా చిత్తుప్రతులన్నీ ఆయనే టైపు చేశారు. ఆరేళ్ల క్రితం ఆయన చేతులు వణకడం మొదలైంది. టీ సాసర్‌లోకి ఒలికేది. సంతకం వంకర్లు పోయేది. "రాత్రి ఎక్కువైందా భాయ్?" అని పక్కవాళ్లు ఆటపట్టిస్తే, "మా ఇంట్లో మజ్జిగ కూడా పులవనివ్వరు" అనేవారు. అందరూ నవ్వి ఊరుకున్నారు. ఆయన అధికారిగా నేను మాత్రం ఆ ఏడాది రహస్య నివేదికలో, తాగుడు అలవాటున్నట్టు అనుమానమని రాశాను. ఆయన్ని ఒక్క మాట అడగలేదు.

ఆ వాక్యమే, రాసినవారి పేరు లేకుండా, మెమోగా ఆయనకు అందింది. తెచ్చి నా ముందు పెట్టారు.

"ఎవరు రాసి ఉంటారు సార్?"

"పైవాళ్లు" అన్నాను. పైగా ఆయన రాసుకున్న విన్నపానికి ఇంగ్లీషు దిద్దిపెట్టాను. విన్నపం తిరస్కరించారు. ప్రమోషన్ ఆగిపోయింది.

తర్వాత తోడు రమ్మంటే ఆసుపత్రికి వెళ్లాను. పార్కిన్సన్స్ అని ఆయన భయం. డాక్టరు చేతులు ఒళ్లో పెట్టుకోమన్నారు, అవి వణకలేదు. నిండు గ్లాసు ఎత్తమన్నారు, నీళ్లు ఒలికాయి. కాగితం మీద సుడి గీయిస్తే గీత రంపపు పళ్లలా వచ్చింది.

"ఊరికే ఉన్నప్పుడు వణికితే పార్కిన్సన్స్ అనుమానించాలి. మీకు పనిచేసేటప్పుడే వస్తోంది. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?"

"మా నాన్నగారికి ఉండేదండీ."

"తాగితే తగ్గుతుందా?"

"రామ రామ! ఎప్పుడూ ముట్టలేదు డాక్టర్ సాబ్."

"కొందరికి తగ్గుతుంది, అందుకే అడిగాను."

థైరాయిడ్ పరీక్ష చేయించి, ఉబ్బసం ఉంటే ఆ మందు పడదని అది లేదని నిర్ధారించుకుని, మాత్రలు రాశారు. పార్కిన్సన్స్ కాదు, తండ్రి నుంచి వచ్చిన వణుకే, పూర్తిగా పోదు, అదుపులో ఉంటుందన్నారు. నెల తిరిగాక చలపతిరావు గారు మళ్లీ సుడి గీసి తెచ్చారు. "చూడండి సార్, ఇప్పుడు జిలేబీలా వచ్చింది!"

డాక్టరు చీటీ జతచేసి ఆ నివేదికను సరిదిద్దించాల్సింది నేను. నా తప్పు బయటపడుతుందని భయపడ్డాను. రేపు చెబుదాం, రేపు చెబుదాం అంటూ ఐదేళ్లు గడిపాను.

నిన్న పరామర్శకు వెళ్లి ఆయన భార్య ముందు నోరు విప్పాను. "అమ్మా, ఆ మెమో..."

"ఆయనకు మొదటిరోజే తెలుసు అన్నయ్యగారూ. 'రోజూ టైపు చేసేది నేను, సార్ ఇంగ్లీషు నాకు తెలియదా' అన్నారు. మీరే చెబుతారని ఎదురుచూశారు."

ఐదేళ్లు ప్రతి సాయంత్రం నాతో బస్‌స్టాప్ దాకా నడిచింది అందుకేనేమో. అంత ఓర్పు గల మనిషిని నేనిక చూడను. ఆయన్ని ఎరిగిన మీ అందరి ముందు, ఆనాటి ప్రశ్నకు ఇప్పుడు జవాబు రాస్తున్నాను.

నేనే రాశాను, చలపతిరావు గారూ.