మర పక్కన రేకుల కొట్టు

నేను కాలవల ఆఫీసు మనిషిని కానని ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు. ఆ చెప్పని మాటను ఇన్నేళ్లుగా మోస్తున్నాను. ఇప్పుడు మీతో చెబుతున్నాను. ఇందులో ఏదీ తగ్గించి చెప్పను.

నాది తెనాలిలో ఫొటో స్టూడియో. పెళ్లిళ్లు కూడు పెడతాయి. గోడలకు తగిలించుకునే పెద్ద ఫొటోలు తీయడం నాకు ఇష్టమైన పని. రేపల్లె వెళ్లే దారిలో, కాలవ లాకుల పక్కన ఒక పాత మర ఉంది. నీటి ఉరవడికి చక్రం తిరిగి ధాన్యం ఆడిన మర. ఆ చక్రం ఎప్పుడో తుప్పుపట్టి ఆగిపోయింది, ఇటుక గోడలు మాత్రం నిలిచాయి. వేసవంతా కట్టేసిన కాలవకు నీళ్లు వదిలారని తెలిసి వెళ్లాను. ఎర్రనీళ్లు చక్రాన్ని ఒరుసుకుంటూ దూకుతున్నాయి. అడ్డం ఒక్కటే: గోడకు ఆనించి కోటేశ్వరమ్మ వేసుకున్న రేకుల కొట్టు. ఇడ్లీ, టీ అమ్మేది.

కాలవ గట్టు మీద బతికేవాళ్లకు కెమెరా అంటే భయమని నాకు తెలుసు. ఆఫీసువాళ్లు ముందు ఫొటోలు తీస్తారు, తర్వాత వచ్చి పీకేస్తారు. నేను స్టాండు నిలబెట్టి టేపుతో దూరం కొలుస్తుంటే ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఎప్పటికల్లా తీసెయ్యమంటారు సారూ?"

"రేపు పొద్దున్నకి తీసేస్తే మంచిదమ్మా."

"పోన్లెండి, మీరైనా ముందు చెప్పారు. కిందటిసారి వచ్చినాయన సాంబారు గిన్నెతో సహా తోసేశాడు. టీ తాగి వెళ్లండి."

తాగాను.

తెల్లారి వెళ్లేసరికి గోడ ఖాళీ. పొయ్యి మసి మాత్రం మిగిలింది. అది కూడా ఫొటోలో అందంగానే పడింది. నేను తీసినవాటిలో ఇప్పటికీ అదే మంచి ఫొటో. ఆ విషయంలో వినయం నటించను. డాక్టర్ల గదుల్లో, హోటళ్ల మెట్ల దగ్గర, ఎన్నో ఇళ్లలో అది వేలాడుతోంది.

అబద్ధం ఆడలేదు కదా, ఆవిడ అడిగిందానికి జవాబు చెప్పానంతే కదా అని చాలాకాలం సర్దిచెప్పుకున్నాను కానీ, నాకు కావలసింది ఖాళీ గోడ అని, ఆవిడ భయాన్ని వాడుకుని దాన్ని సంపాదించానని నాకు ఆ టీ తాగుతున్నప్పుడే తెలుసు. తర్వాతైనా వెతికి చెప్పొచ్చుగా? ఎందుకు చెప్పలేదు? ఫొటోకు పేరొచ్చింది. ఆ పేరు పోతుందని.

ఈమధ్య మళ్లీ అటు వెళితే, లాకులు చూసే లస్కరు నవ్వుతూ చెప్పాడు. "ఎవరూ పొమ్మన్లేదండి. కెమెరా చూసి కొట్టెత్తేసిందావిడ. ఆఫీసాయనే లేపాడు, వేరే చోటిప్పించమని ఆఫీసుకెళితే, నిన్నెవరు లేపారే అన్నారంట. ఇక్కడ ఇప్పటికీ అదే నవ్వులాట."

ఆవిడ కొట్టు ఒక్కటే పోయిందనుకున్నాను. ఆవిడ మాటకున్న విలువ కూడా పోయింది.

వెతగ్గా వెతగ్గా ఆవిడ బాపట్లలో ఒక హాస్టల్ వంటగదిలో కనిపించింది. నిలబడే అంతా చెప్పాను. పప్పు కలుపుతూనే వింది.

"నేను అబద్ధమాడలేదని నాకు తెలుసుగా. నాకు చెబితే ఏం ఒరుగుద్ది? లాకుల కాడ చెప్పండి."

క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు.

మర్నాడు లాకుల దగ్గర టీ తాగుతున్నవాళ్లందరి ముందూ నిలబడ్డాను. లస్కరు కూడా ఉన్నాడు. ఇన్నేళ్లకు మొదటిసారి ఊపిరి నిండుగా ఆడింది.

"కోటేశ్వరమ్మ నిజమే చెప్పింది. ఆవిడను లేపింది నేనే. నా ఫొటో కోసం, ఆఫీసువాణ్ణని అనుకుంటుంటే అనుకోనిచ్చాను. ఆవిడకు చేసినదానికి మీ అందరి ఎదుట క్షమాపణ చెబుతున్నాను."