సూర్యుణ్ణి ఆలస్యం చేసిన గౌదెంజియో

మా గంటస్తంభం గౌదెంజియోకి ఒకటే జబ్బు. బతికిన ఆఖరి మూడేళ్లలో సాయంత్రం గంట సకాలంలో కొట్టిన పాపాన పోలేదు. మా ఊళ్లో పొద్దు గుంకితేనే ఇరవై నాలుగో గంట, దానితో ఆ రోజు సరి. అది వినగానే పాదిరి ప్రార్థన మొదలుపెట్టాలి, నేను కోట తలుపు మూయాలి. గౌదెంజియో పుణ్యమా అని ఊరంతా రోజుకి కాస్త ఎక్కువసేపు బతికేది. కోళ్లు గూట్లో చేరి ఒక కునుకు తీసినా ఆయన లెక్కలో ఇంకా పగలే.

ఇళ్లలో సూపు చల్లారిపోయేది. ఆడవాళ్లు శాపనార్థాలు పెట్టేవారు. సారాకొట్టులో కూర్చున్న మొగుళ్లు మాత్రం ఆయన్ని దేవుడనేవారు. నేను కింద నుంచి గొంతు చించుకునేవాణ్ణి.

"బాబాయ్, గంట కొట్టవేం? చుక్కలు కనిపిస్తున్నాయి!"

"అవి తొందరపాటు చుక్కలురా నికోడెమో!"

"సూర్యుడు ఎప్పుడో దిగిపోయాడు!"

"కింద ఉన్నవాడికి సూర్యుడి సంగతి ఏం తెలుస్తుందిరా? దుర్భిణి నీ దగ్గరుందా, నా దగ్గరుందా?"

ఆ దుర్భిణి ఆయన ప్రాణం. బొలోన్యాలో ఎవరో పంతులు పోతూ పోతూ ఇచ్చాడట. పెళ్లాం లేదు, పిల్లలు లేరు. దాన్నే తుడుచుకుంటూ కూర్చునేవాడు.

రోజూ అందరికంటే చివర నా తలుపు దాటేది ఓర్సొలా. ఒక కాలు కుంటి. పదేళ్ల కూతురు క్షయతో ఊరి బయట ఆసుపత్రిలో ఉండేది. అంటురోగమని ఊళ్లోకి రానిచ్చేవారు కారు. పొద్దున పట్టు దారం తీసే పనికి వెళ్లి, తర్వాత ఆసుపత్రికి నడిచి, పిల్లకి నాలుగు చెంచాల గంజి తాగించి, కాలీడ్చుకుంటూ తిరిగొచ్చేది. తలుపు పడితే తెల్లవార్లూ చలిలో బయటే.

"అదృష్టవంతురాలివమ్మా, గంట ఇప్పుడే మోగింది" అనేవాణ్ణి. నా బుద్ధి అంతవరకే.

ఆ చలికాలం ఊరి పెద్దలకు నాగరికత పట్టుకుంది. ఫ్రెంచివాళ్ల పద్ధతిలో కొత్త గడియారం పెట్టించారు. దానికి సూర్యుడితో పని లేదు, గౌదెంజియోతో అసలే లేదు. ఆయన్ని కొలువులోంచి తీసేశారు. సాయంత్రం అది ఐదు కొట్టగానే తలుపు పడాలని కోట కాపలా దళపతి వచ్చి నా పక్కనే నిలబడ్డాడు.

మొదటిరోజు ఐదు కొట్టింది. నేను తలుపు తోస్తుంటే గౌదెంజియో ఆయాసపడుతూ వచ్చాడు.

"ఒక్క క్షణం ఆగరా!"

"నా చేతిలో లేదు బాబాయ్."

మూసుకుంటున్న తలుపు సందులోంచి బయటికి దూరాడు.

"ఈ మంచులో ఎక్కడికి?"

"సూర్యుడు ఇంకా దారిలోనే ఉన్నాడురా. వెళ్లి వెంటబెట్టుకొస్తా."

దళపతి పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

తెల్లారి తలుపు తీస్తే ఇద్దరూ గోడకి ఆనుకుని ఉన్నారు. ఆయన కోటు ఓర్సొలా మీద ఉంది. ఆమె బతికింది. ఆయన ఆరో రోజు పోయాడు. "నా దుర్భిణి కదపకండ్రా" అన్నదే ఆఖరి మాట.

మర్నాడు మధ్యాహ్నం ఆయన సామాను దించడానికి స్తంభం ఎక్కాను. దుర్భిణి కిటికీకి మేకులతో బిగించి ఉంది. పొద్దు గుంకేది పడమట కదా, దాని మొహం తూర్పుకి ఉంది. కన్ను పెట్టి చూశాను. ఆసుపత్రి దారి కనిపించింది, వంతెన కనిపించింది. వంతెన మీద కర్ర పట్టుకుని ఓర్సొలా కూతురి దగ్గరికి వెళుతోంది. మూడేళ్లూ ఆయన కనిపెట్టుకుని కూర్చున్న సూర్యుడు ఆమె. నేను అక్కడే కూలబడి ఏడ్చాను.

ఆ సాయంత్రం ఐదు కొట్టింది. నా తాళంచెవి తిరగలేదు. మర్నాడూ తిరగలేదు. ఒకనాడు బందులకి తుప్పు, ఒకనాడు చెక్కకి చెమ్మ, ఇంకోనాడు నా నడుముకి పట్టు.

"ఏరా, తలుపు మూయవేం? చుక్కలు కనిపించడం లేదూ?" అని దళపతి గసిరాడు.

వంతెన వైపు నుంచి కర్ర చప్పుడు మెల్లగా దగ్గరవుతోంది.

"అవి తొందరపాటు చుక్కలు దొరా" అన్నాను.