చక్రాల పెద్దమ్మ వెబ్‌సైటు

మా పెద్దమ్మను అందరూ చక్రాల పెద్దమ్మ అంటారు. ముప్పై ఏళ్లు ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యాక, తనతో పనిచేసిన మరో నలుగురితో కలిసి గ్రంథాలయం వెనక గదిలో ఒక సంఘం పెట్టింది. నడవలేనివాళ్లకు చక్రాల కుర్చీలు ఊరికే ఇస్తారు. అవసరం తీరాక తెచ్చివ్వాలి. మొత్తం పదకొండు కుర్చీలు. ప్రతిదాని చక్రమూ తిప్పి, చెవి ఆనించి వింటుంది. "ఇది ఇంకా గొణుగుతోందిరా" అని నూనె చుక్క వేస్తుంది.

వచ్చినవాళ్లను జబ్బేమిటని అడగదు. "మీ ఇంట్లో అన్నిటికన్నా ఇరుకు తలుపు వెడల్పెంత?" అని అడుగుతుంది. కుర్చీ ఇంటిదాకా వెళ్లి బాత్రూం గుమ్మంలో ఇరుక్కుంటే మనిషికి ఎంత ఏడుపొస్తుందో ఆమెకు తెలుసు.

నేను రెండో ఏడాదిలో కాలేజీ మానేసినవాణ్ని. వెబ్‌సైట్లు చేయడం ఒక్కటే వచ్చు. సంఘానికి ఒకటి చేస్తానని నేనే ఎగబడ్డాను. పైన వీడియో, దాని కింద కుర్చీలో ముసలాయన ఫొటో, ఆ కింద ఫారం: పేరు, వయసు, చిరునామా, జబ్బు, డాక్టరు చీటీ. ఎవరు ఎంతసేపు చూశారో చెప్పే మీటరు కూడా తగిలించాను. గదిలో ఏమేం ఉన్నాయో రోజూ సుద్దతో రాసే గేటు బోర్డును పీకి మూలన పడేశాను.

మూడు వారాల్లో ఒక్కరూ అడగలేదు. అప్పటికే ఇచ్చిన రెండూ పోను, తొమ్మిది కుర్చీలు గోడవారన దుమ్ము కొట్టుకుపోయాయి. ఎక్కడో ఎవరో మంచానికి అతుక్కుపోయి ఉంటారని పెద్దమ్మకు దిగులు పట్టుకుంది.

"ఏదో మీటరన్నావుగా, ఏమంటోంది?" అంది.

"నూట నలభై మంది వచ్చారు. సగం మంది పేజీ తెరుచుకోకముందే పోయారు. మిగతావాళ్లు జబ్బు రాసే గడి దగ్గర ఆగిపోయారు."

"అంటే, గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగారు. నువ్వేమో లోపల కూర్చుని లెక్కపెట్టావు. బాగుందిరా నాయనా!"

నాకు మండింది. "ఈ రోజుల్లో అందరూ ఇలాగే అడుగుతారు పెద్దమ్మా."

"అడిగితే అడగనీ. వార్డులో మంచం మంచానికీ తెర లాగేదాన్ని నేను. నువ్వొచ్చి దాన్ని చింపేశావు."

తన పాత ఫోనులో పేజీ తెరవమంది. అది తిరుగుతూనే ఉంది. ఈలోపు ఆమె ఒక చక్రం విప్పి, తుడిచి, మళ్లీ బిగించేసింది. అప్పటికి ముసలాయన ప్రత్యక్షమయ్యాడు.

"ఈయనెవరు?"

"నెట్‌లో దొరికాడు."

"వాడుకుంటామని ఆయన్ని అడిగావా?"

ఆ మధ్యాహ్నమే వీడియో, ఫొటో, మీటరు అన్నీ పీకేశాను. ఒక్క పేజీ మిగిలింది: ఇవాళ గదిలో ఏమున్నాయి, గది తెరిచే వేళలు, రెండు గడులు. ఒకటి ఫోన్ నంబరుకు, ఇంకోటి తలుపు వెడల్పుకు. కుర్చీ తిరిగొచ్చిన రోజే మీ నంబరు చెరిపేస్తామని పెద్దక్షరాల్లో రాయించింది. పాత ఫోనులో వేలు తీసేలోపు తెరుచుకుంది. ఇంత చిన్నదాన్ని నేను చేశానని ఎవరికి చూపించుకోవాలి? ఉక్రోషంతోనే బోర్డు మళ్లీ గేటుకు తగిలించాను.

రెండో రోజు ఒక నంబరు వచ్చింది. వెడల్పు గడిలో "మూడు జానలు, రెండు వేళ్లు" అని ఉంది.

"ఎవరి జానో ఏమో! సెంటీమీటర్లలో రాయమన్నాం కదా" అని నవ్వాను.

పెద్దమ్మ నవ్వలేదు. ఫోన్ చేసింది. "అమ్మా, మీ చెయ్యి పెద్దదా, నా చెయ్యిలా చిన్నదా?"

"నాది చిన్నదేనండీ. ఇంట్లో టేపు లేదు" అంది అవతలి గొంతు. "పదిహేను రోజుల నుంచీ మీ పేజీ చూస్తున్నా. జబ్బు పేరు రాయడానికి మావారు ఒప్పుకోలేదు."

పెద్దమ్మ తన చేత్తో జానలు, వేళ్లు బల్ల మీద పరిచి, దాన్ని టేపుతో కొలిచింది. ఉన్నవాటిలో సన్నటి కుర్చీని ఆటోలో వేసుకుని వెళ్లాం. మూడో అంతస్తు దాకా మోసింది నేనే, నడుము పడిపోయింది.

ఆమె భర్త మంచం మీద ఉన్నాడు. కుర్చీలోకి దిగి, రెండు చేతులతో చక్రాలు తోసుకుంటూ బాత్రూం వైపు వెళ్లాడు. అటూ ఇటూ వేలెడు సందు మిగిలింది. లోపలికెళ్లి తలుపు మూసుకున్నాడు. గడియ పడ్డ చప్పుడు వినిపించింది. రెండు నెలల్లో ఆయన తలుపేసుకోవడం ఇదే మొదటిసారని భార్య గుసగుసగా చెప్పింది.

నేను అక్కడే గుడ్లప్పగించి నిలబడ్డాను. పెద్దమ్మ మోచేత్తో పొడిచింది. "ఇక్కడేం పనిరా నీకు? అవతలి గదిలోకి పద."